బిగువు ఎటు ఉందో చూడు

చెట్లు కొట్టే ముఠాలో చేరిన మొదటి రోజు నా చేతికి గొడ్డలి ఇవ్వలేదు. మోకు ఇచ్చారు. నరికేది ఇద్దరు, దూరంగా మోకు పట్టుకుని నిలబడేది నేను. "లాగమంటే లాగు, వదలమంటే వదులు, మధ్యలో సలహాలు చెప్పకు" అన్నాడు మేస్త్రి బాబాయ్. అది 1999. నాకు పంతొమ్మిదేళ్లు. ఇంటర్ తప్పి ఊళ్లో ఊరికే తిరుగుతున్నాను. గోదావరి ఎడమ గట్టున, సీతానగరం పక్కన మా ఊరు. గట్టెక్కి నిలబడితే ఒకవైపు నీళ్లు, లంకలు, రెండోవైపు మెట్ట. ఆ మెట్టలో కోరుకొండ, గోకవరం దాకా ఎటు చూసినా జామాయిల్ తోటలే. ఆ కర్ర రాజమండ్రి కాగితం మిల్లుకు వెళుతుంది. కాబట్టి మా ఊళ్లో చదువు తప్పినవాడికి ఉద్యోగం వెతికిపెట్టే శ్రమ ఎవరికీ ఉండేది కాదు.

ముఠాలో పది పన్నెండు మందిమి. మగవాళ్లు చెట్టు పడేసి, కొమ్మలు చెక్కి, కొలత ప్రకారం ముక్కలు కోస్తే ఆడవాళ్లు బెరడు వలిచేవారు. కొట్టిన రోజున జామాయిల్ బెరడు అరటితొక్కలా ఊడి వస్తుంది. రెండు రోజులు ఆగితే కర్రను కరుచుకుని కూర్చుంటుంది, అప్పుడు వలవబోతే వేళ్ల తోలే ముందు ఊడుతుంది. కూలి టన్ను లెక్క. రైతుకూ టన్ను లెక్కే కాబట్టి కర్ర ఎండకముందే లారీ కాటా ఎక్కాలని ఆయన తొందర. పచ్చి కర్రలో నీళ్లు కూడా తూగుతాయి మరి. దానికి తోడు ఇంకో షరతు. మొదలు నేలకు జానెడు లోపే కొయ్యాలి, మోడు చీలకూడదు, మోడు మీది బెరడు లేవకూడదు. ఆ మోడుకు వచ్చే పిలకలే మళ్లీ నాలుగైదేళ్లకు రెండో పంట. చీలితే నీళ్లు దిగి కుళ్లిపోతుంది. అందుకే నీరు జారిపోయేలా కొంచెం వాలుగా కోస్తారు. ఇదంతా తెలియక, గొడ్డలి చేతికి వచ్చిన మొదటి వారం నేను ఓ పాతిక మోళ్లను చీపురుకట్టలు చేసిపెట్టాను. రైతు మేస్త్రిని తిట్టాడు. మేస్త్రి నన్ను ఒక్క మాట అనలేదు. మధ్యాహ్నం నా క్యారేజీలో ఉన్న చేప ముక్క మాత్రం తీసుకుని తినేశాడు.

బాబాయ్ ఏ చెట్టు దగ్గరికి వెళ్లినా ముందు గొడ్డలి కింద పెట్టేవాడు. చుట్టూ ఒకసారి తిరిగేవాడు. డొల్లగా మోగుతుందేమోనని అరచేత్తో మానును రెండు మూడు చోట్ల కొట్టేవాడు. తరువాత తలెత్తి చాలాసేపు పైకి చూసేవాడు. ఏ పక్క కొమ్మలు ఎక్కువ, గాలి ఎటు, మాను ఎటు ఒరిగింది. ఆపైన మాలో ఒకణ్ణి పిలిచి అడిగేవాడు: "బిగువు ఎటు ఉందో చూడు." ఒరిగిన చెట్టుకు ఒరిగిన వైపు పీచు నొక్కుకుని ఉంటుంది, వెనక వైపు పీచు లాగి కట్టిన తాడులా బిగిసి ఉంటుంది. నొక్కుకున్న వైపు కోస్తే రంపం ఇరుక్కుంటుంది. బిగిసిన వైపు ఆలోచించకుండా కోస్తే చెట్టు మన మాట వినడం మానేస్తుంది. తోట నడుమ చెట్లు నిటారుగానే పెరుగుతాయి, వాటితో పేచీ లేదు. అంచు వరస చెట్లు వెలుగు కోసం బయటికి వాలతాయి. కరెంటు తీగ ఉండేదీ సరిగ్గా అటువైపే.

అప్పట్లో ముందు గాటు గొడ్డలితోనే. చెట్టు పడాల్సిన వైపు మొదలు దగ్గర నాలుగో వంతు లోతుకు నోరు తెరిచినట్టు కొడతాము. ఆ తరువాత వెనక నుంచి, గాటు కంటే రెండు వేళ్లు పైకి, ఇద్దరు పట్టే రంపంతో కోత. మొత్తం తెగేదాకా కొయ్యకూడదు. గాటుకూ కోతకూ మధ్య రెండు వేళ్ల మందం కర్ర మిగలాలి. తలుపుకు కీలు ఎలాగో చెట్టుకు అది అలాగ. అది ఉన్నంతవరకు చెట్టు చెప్పిన దిక్కుకే మొగ్గుతుంది. తెగే ముందు రంపం కోసిన సందు గోరు మందం వెడల్పవుతుంది. పై కొమ్మల్లో గాలి లేకుండానే ఆకులు కదులుతాయి. లోపల ఎక్కడో వేరుసెనగ కాయ చిదిపినట్టు చిన్న చప్పుడు. అప్పుడు రంపం అక్కడే వదిలేసి పక్కకు, ఏటవాలుగా వెనక్కి నడవాలి. తిన్నగా వెనక్కి వెళ్లకూడదు, పరుగెత్తకూడదు. ఎటు నడవాలో కోత మొదలుపెట్టకముందే చూసుకుని, దారిలోని కొమ్మలు తీసేసుకోవాలి. ఈ చివరి మాట మా ముఠాలో అందరికీ తెలుసు, పాటించింది సగం మందే.

రెండో ఏడు ఒక చెట్టు పడుతూ పడుతూ పక్క చెట్టు పంగలో చిక్కుకుంది. నేలకు రాలేదు, నిలబడనూ లేదు. నేను వీరుడిలా వెళ్లి ఆ ఆపిన చెట్టును కూడా కొట్టేద్దామని కింద చేరాను. రెండు దెబ్బలు వేశానో లేదో వెనక నుంచి ఎవరో నా చొక్కా పట్టి లాగారు. వెల్లకిలా పడ్డాను. నేను నిలబడ్డ చోట చిక్కుకున్న చెట్టు మొదలు జారి భూమిలో మూరెడు దిగింది. బాబాయ్ చేతిలో నా చొక్కా కాలరు ఉంది, మిగతా చొక్కా నా ఒంటి మీద ఉంది. "ఇది చెట్టు కాదురా, ఎక్కుపెట్టిన విల్లు" అన్నాడు. చిక్కుకున్న చెట్టుకు మోకు కట్టి మొదలును దూరం నుంచి పక్కకు లాగడమో, దుంగతో పొర్లించడమో చెయ్యాలి. కిందికి వెళ్లే పని లేదు.

2009లో మా ముఠాకు మోటారు రంపం వచ్చింది. అదీ ఎవరో వాడి పారేసినది. తాడు ఏడుసార్లు లాగితే ఎనిమిదోసారికి దగ్గేది. అయినా ఇద్దరం పొద్దంతా కోసేది అది గంటన్నరలో కోసేసింది. ఆ సాయంత్రం అందరం సంబరపడ్డాము. ఏడాది తిరిగేసరికి నలుగురు మనుషులు ముఠాలో ఎక్కువయ్యారు, వాళ్లను రావద్దన్నారు. వాళ్లలో ఒకడు నాతో రంపం రెండో చివర పట్టినవాడు. ఇప్పటికీ గోకవరం సంతలో కనిపిస్తే "మీ మిషను బాగుందా" అని అడుగుతాడు, మనిషి ఆరోగ్యం అడిగినట్టు.

మోటారు రంపానికి ఒక దుర్గుణం ఉంది. గొలుసు తిరిగే పలక కొన పైభాగం దేనికైనా తగిలిందంటే రంపం మొత్తం మన ముఖం మీదికి ఎగురుతుంది. కొమ్మలు చెక్కేటప్పుడు ఆకుల వెనక ఏముందో కనిపించదు కాబట్టి ఎక్కువగా అప్పుడే జరుగుతుంది. నాకు జరిగినప్పుడు తలపాగా చీలింది, తల దక్కింది. అదే నెలలో గొలుసు లుంగీ అంచును పట్టి లాగింది. మిషను ఆగిపోయింది కాబట్టి సరిపోయింది. లుంగీ ఎలాగూ పోయింది, అందరి ముందు. మర్నాటి నుంచి ముఠాలో ప్యాంట్లు వచ్చాయి.

ఊరి చెట్లది వేరే గొడవ. తోటలో జామాయిల్, సరుగుడు, సుబాబుల్ కొట్టడానికి పెద్దగా కాగితాలు అక్కర్లేదు. చింత, వేప లాంటివి కొట్టాలంటే నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలి. అనుమతి ఉన్నా ఊరి చెట్టులో ఇనుము తప్పదు. ఎప్పుడో ఎవరో కొట్టిన మేకు, ఉయ్యాల కొక్కెం, బర్రెను కట్టిన గొలుసు, అన్నింటినీ మాను మింగి పైన బెరడు కప్పేస్తుంది. ఒక చింతమానులో రంపం దిగి కీచుమని నిప్పులు కక్కింది. గొలుసు పళ్లన్నీ పోయాయి. చీల్చి చూస్తే జానెడు లోపల గుర్రపునాడా. ఇంటాయన దాన్ని కడిగి గుమ్మానికి కొట్టుకున్నాడు. గొలుసు ఖరీదు మాత్రం మా లెక్కలో రాశాడు.

ఇక అసలు దెబ్బ. కాలవ మీదికి బాగా ఒరిగిన జామాయిల్ చెట్టు, నడుము లావు. బాబాయ్ ఆ రోజు పనికి రాలేదు, పెళ్లికి వెళ్లాడు. నేను ముందు గాటు చిన్నగా కొట్టి, వెనక నుంచి మామూలుగా కోస్తూ పోయాను. సగం కూడా తెగలేదు, చెట్టు తన బరువుకు తానే వాలడం మొదలుపెట్టింది. వెనక పీచు తెగడానికి బదులు మాను నిలువునా పైకి చీలింది. తుపాకీ పేలినట్టు చప్పుడు. వెనక సగం నిలువు చెక్కలా నా ఛాతీ ఎత్తుకు లేచి తన్నింది. తరువాత సంగతి వేరేవాళ్లు చెబితే విన్నదే. మూడు పక్కటెముకలు. పక్కటెముకలకు పిండికట్టు ఉండదు, బరువులు ఎత్తకుండా అవి అతికేదాకా ఆగడమే. నవ్వకూడదు, తుమ్మకూడదు, ముఖ్యంగా ఇంటికి వచ్చి పరామర్శించేవాళ్లతో వాదించకూడదు. అలా ఒరిగిన చెట్టును ఎలా కొయ్యాలో ఆ తరువాత నేర్చుకున్నాను. ముందు గాటు కొట్టి, రంపం కొనను మాను నడిమికి పక్క నుంచి గుచ్చి, కీలు వదిలి వెనక్కి కోసుకుంటూ రావాలి. చిట్టచివర వెనకవైపు మిగిల్చిన పట్టీని ఒక్క కోతతో తెంపాలి. అప్పుడు చీలడానికి దానికి తీరిక దొరకదు.

నేను చేపలు పట్టడం అక్కడి నుంచే మొదలైంది. గొడ్డలి ఎత్తలేను, ఇంట్లో కూర్చోలేను. రోజూ సాయంత్రం రేవులో కూర్చునేవాడిని. అక్కడ పడవ కట్టుకునే పెద్దాయన ఒకడు ఉండేవాడు. వలలు వేసే హక్కు వాళ్లది, వాళ్ల కులవృత్తి. గేలం వేసుకుంటే ఎవరూ ఏమీ అనరు. మామా అని పిలిచేవాణ్ణి. ఒక వారం నన్ను చూసి చూసి, ఎనిమిదో రోజు తంగూసు దారం చుట్ట, రెండు గేలాలు, జీలుగు బెండు ముక్క నా ఒళ్లో పడేశాడు. "ఊరికే నీళ్లను చూస్తే నీళ్లకు దిష్టి అల్లుడూ" అన్నాడు.

ఎర దగ్గర నాకు చెట్ల పని అక్కరకు వచ్చింది. అందరూ వానపాములు తవ్వుకునేవారు. కుళ్లిన కొబ్బరి మొద్దు చీలిస్తే లోపల బొటనవేలంత తెల్లటి పురుగులు, కొమ్ముపురుగు పిల్లలు, వంకర తిరిగి పడుకుని ఉంటాయి. జెల్లలు వాటిని వదలవు. మొద్దులు ఎక్కడ కుళ్లుతున్నాయో నా కంటే తెలిసినవాడు ఊళ్లో లేడు. నెల తిరిగేసరికి మామ తనే నా దగ్గర పురుగులు అడిగి తీసుకునేవాడు. జెల్లను గేలం నుంచి తీసేటప్పుడు రెక్కల దగ్గరి ముళ్లు తప్పించి తల వెనక పట్టుకోవాలి. ఇంగిలాయి అయితే చెప్పక్కర్లేదు, దాని ముల్లు గుచ్చుకున్న రాత్రి నిద్ర ఉండదు. ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో చెయ్యి ముంచి కూర్చుంటే కొంత నయం. పక్కటెముకలు, చెయ్యి రెండూ ఒకేసారి నొప్పెడుతుంటే మా ఆవిడ నన్ను చూసి నవ్వాలో ఏడవాలో తెలియక వంటింట్లోకి వెళ్లిపోయింది.

గోదావరి అనగానే అందరూ పులస అంటారు. గేలం పట్టినవాడికి పులసతో సంబంధం లేదు. అది నీళ్లలో తేలే సన్నటి నాచు, కంటికి ఆనని పురుగు వడకట్టుకుని తినే చేప, ఎర వంక చూడదు. వలకే పడాలి. అదీ సముద్రం నుంచి వరదనీటికి ఎదురీది వచ్చేది ఎక్కువగా ధవళేశ్వరం ఆనకట్ట దిగువకే. మాది ఎగువ. మాకు జెల్లలు, పరిగెలు, అదృష్టం బాగుంటే బొచ్చె, ఇంకా బాగుంటే వాలుగ. పులస ధర విని దాని కోసం ఏడ్చేవాళ్లు చింతపులుసులో ఉడికిన తాజా వాలుగ తిని ఉండరని నా అనుమానం.

నా మొదటి వాలుగ రాత్రి పడింది. పరిగెను బతికుండగానే వీపు దగ్గర గుచ్చి లోతుకు వదిలాను. చాలాసేపు ఏమీ లేదు. తరువాత దారం నెమ్మదిగా పక్కకు జరగడం మొదలుపెట్టింది, ఎవరో నీళ్లలో నడుస్తూ తీసుకుపోతున్నట్టు. ఒక్కసారి గుంజాను. అవతల బండరాయికి కట్టినట్టు ఆగింది, మరుక్షణం తంగూసు నా చూపుడువేలిని కోసుకుంటూ పరుగెత్తింది. నేను బలంగా లాగబోయాను. మామ నా మణికట్టు పట్టుకున్నాడు. "తెంపుతావా? బిగువు చూసుకో. అది లాగితే ఇవ్వు, అది ఆగితే తీసుకో." పదిహేను నిమిషాలు ఇచ్చాను, తీసుకున్నాను. లాంతరు వెలుగులో ముందు మీసాలు కనిపించాయి, తరువాత చెవుల దాకా చీలిన నోరు. ఆరు కిలోలు. ఇంటికి తీసుకెళితే ఆ నోరు చూసి పిల్లలు ఆ రోజు తినలేదు.

ఎముకలు అతికాక పనిలోకి వెళ్లాను, గేలం మానలేదు. మా పనికి కాలం డిసెంబరు నుంచి జూన్ దాకా. వానలు పడితే మెట్ట చేలల్లోకి లారీ దిగదు. సరిగ్గా అప్పుడే ఎర్రనీళ్లు వస్తాయి, చేపలు కదులుతాయి. ఆరు నెలలు కర్ర, ఆరు నెలలు నీళ్లు. ఇలా అంటే ఏదో ఏర్పాటు చేసుకున్నట్టు ఉంటుంది గాని, ఆ ఆరు నెలలు కిరాణా కొట్టులో అప్పు పెరుగుతూనే ఉండేది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద పడింది. మూడో రోజుకు మా ముఠా లారీలో అక్కడ ఉంది. బీచి రోడ్డు నుంచి వాల్తేరు వైపు ఎక్కుతుంటే తురాయిలు, నిద్రగన్నేర్లు రోడ్లకు అడ్డంగా, కార్ల మీద, గోడల మీద. నిలబడ్డ చెట్టును కొట్టడం వచ్చు గదా, పడ్డదాన్ని కొయ్యడం ఎంత అనుకున్నాను. పడ్డ చెట్టులోనే బిగువు ఎక్కువ. ఏ కొమ్మ నేలకు ఊని వంగి ఉందో, ఏది గాలిలో వేలాడుతోందో, ఒకటి తెంపితే ఇంకొకటి ఎటు లేస్తుందో ముందే అనుకోవాలి. ఒక పెద్ద నిద్రగన్నేరు వేళ్ల మట్టితో సహా పెకలించుకుని పడి ఉంది. వేళ్ల కింద బండి పట్టేంత గొయ్యి. ఆ గొయ్యి అంచున నీడగా ఉందని మా క్యారేజీలన్నీ అక్కడ పెట్టాము. నేను మానును మొదటికి దగ్గరగా కోసేశాను. బరువు తెగిపోగానే మోడు మెల్లగా, ఎవరో వెనక నుంచి లేపినట్టు, లేచి కూర్చుంది. వేళ్లు, మట్టి అంతా తిరిగి గోతిలో సర్దుకుంది. ఎక్కడా పడ్డ గుర్తే లేదు, పైన మాను లేదు అంతే. తొమ్మిది మంది భోజనాలు, ఒక గొడ్డలి, నా చెప్పులు దాని కింద ఉన్నాయి. అందరం చాలాసేపు మాట్లాడలేదు. గొయ్యి పక్కన నీడ బాగుందని మొదట అక్కడే నడుం వాల్చిన కుర్రవాడు పది నిమిషాల ముందే బీడీ కోసం లేచాడు. వాడు బీడీ మానలేదు, ఇప్పటికీ దాన్నే కారణంగా చెబుతాడు.

చివరిది 2022 వరద. జులై 16న భద్రాచలం దగ్గర 71.3 అడుగులు, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులు దాటి సముద్రంలోకి వదిలారు. మా గట్టు మీద నిలబడితే అడవే నడిచి వస్తున్నట్టు ఉంది. మాన్లు, వెదురు పొదలు, వాటి మీద పాములు. వరదలో కొట్టుకొచ్చే కర్ర పట్టడం మా వైపు పాత అలవాటు. పొయ్యిలోకి పనికివచ్చేదే పడతాము. టేకు దుంగ కనిపిస్తే అటు చూడనట్టు తల తిప్పుకోవడం మంచిది, అది అటవీ శాఖతో వ్యవహారం. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు పడవ దింపనని మామ ఖండితంగా చెప్పాడు. మా ఊళ్లో దిగినవాళ్లు ఉన్నారు, వాళ్లలో ఒకడి పడవ ఖాళీగా దొరికింది, మనిషి చెట్టు పట్టుకుని బతికాడు.

నీరు తీశాక లంకలోకి వెళ్లాము, నేనూ మా అబ్బాయీ మామా. రెండు తాటిచెట్ల మధ్య ఒక పాత మాను అడ్డంగా ఇరుక్కుని ఉంది, సగం ఒండ్రులో, లోపల పెద్ద తొర్ర. కొట్టి చూస్తే నీళ్ల చప్పుడు. ముందు తొర్రలోంచి జెర్రిపోతు ఒకటి తీరిగ్గా బయటికి వచ్చి మా ముగ్గురినీ చూసి వెళ్లిపోయింది. మా అబ్బాయిని అడిగాను, బిగువు ఎటు అని. రెండు తాటిచెట్ల మీద ఆని నడుమ వేలాడుతోంది కాబట్టి కింది పీచు బిగిసి ఉంటుంది, పైన నొక్కుకుని ఉంటుంది, పై నుంచి కొస్తే రంపం ఇరుక్కుంటుంది అన్నాడు. ఒండ్రు కింద నుంచి మోస్తోంది, వేలాడడం లేదు, పై నుంచే కొయ్యి అన్నాను. పై నుంచి కోశాడు. రంపం ఇరుక్కుంది.

దాన్ని ఊడదియ్యడానికి గంట పట్టింది. చీలలు దిగ్గొట్టి, కింద నుంచి చేతిరంపంతో కోసి, ఆఖరికి మాను రెండుగా విరిగింది. తొర్రలోని నీళ్లతో పాటు ఎనిమిదో తొమ్మిదో జెల్లలు బురదలో పడి దొర్లాయి. మామ తలపాగా విప్పి వాటి మీద వేశాడు. నలభై ఏళ్లలో ఇంత తేలిగ్గా చేపలు పట్టలేదన్నాడు. అప్పుడు చూసుకున్నాము, రంపం లాగే గొడవలో నూనె డబ్బా మూత ఊడి అంతా తొర్రలోకే కారింది.

మా ఆవిడ ఉప్పు, చింతపండు వేసి మూడుసార్లు తోమింది. పులుసు ఉడుకుతుంటే వీధిలో ఎవరో లారీ ఆపినట్టు వాసన వచ్చింది. మా అబ్బాయి రెండు ముద్దలు తిని, రంపం తనది కాబట్టి నూనె డబ్బులు తనకు రావాలన్నాడు. మిగిలింది పిల్లికి పెట్టాము. అది ఏమీ అనలేదు.